నవ్వేవాళ్ళు ఉన్నంతసేపే

ఫిర్యాదు వచ్చిందంటే హెడ్మాస్టరు గదిలో మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "ఎవడ్రా చేసింది?" ఇంట్లోనూ అంతే. పిల్లాడు చొక్కా గుండీలు ఊడి, ముఖం వేలాడేసుకుని వస్తే నాన్న అడిగేది పేరే. పేరు దొరికితే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆ పేరుగలవాణ్ణి పిలుస్తారు, నాలుగు తగిలిస్తారు, తల్లిదండ్రుల్ని రమ్మంటారు, మరీ ముదిరితే టీసీ చేతిలో పెట్టి పంపేస్తారు. కొన్నాళ్ళకి అదే తరగతిలో, అదే చివరి బెంచీ దగ్గర, ఇంకొకడు ఇంకొకణ్ణి ఏడిపిస్తుంటాడు. ఈసారి పేరు వేరు, అంతే.

కాబట్టి కాసేపు పేరు అడగడం ఆపుదాం. ఎక్కడ జరిగింది? ఆ సమయంలో చుట్టూ ఎవరున్నారు, వాళ్ళేం చేశారు? ఇలా చేసినా చెల్లిపోతుందని ఆ పిల్లలకి ఎక్కడ తెలిసింది? ఈ ప్రశ్నలు అడుగుదాం. దుడుకు పిల్లలు ఉండరని నేననను, ప్రతి బడిలోనూ ఉంటారు. కానీ ఒకడి దుడుకుతనం ఏడాది పొడవునా సాగే వేధింపు కావాలంటే వాడొక్కడి వల్ల కాదు. తోటివాళ్ళ సాయం కావాలి, బడి సాయం కావాలి, కొంత మన ఇళ్ళ సాయమూ కావాలి.

ముందుగా ఒక తేడా తేల్చుకోవాలి. ఇద్దరు సమ ఉజ్జీలు బంతి కోసం కొట్టుకుని, సాయంత్రానికి ఒకే ఐస్‌ఫ్రూట్ చెరో కొరుకు తింటే అది తగాదా. దాన్ని తగాదాగానే వదిలేయండి. వేధింపు లక్షణాలు వేరు. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ వాటిని మూడుగా చెప్పాడు: కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదుటివాడు తిరిగి నిలబడలేనంత బలం తేడా ఉండడం. ఆ బలం కండబలమే కానక్కర్లేదు. అవతల పదిమంది స్నేహితులుండి ఇవతల ఒక్కరూ లేకపోవడం బలం తేడానే. నాన్న స్కూలు కమిటీలో ఉండడం బలం. కొత్తగా వచ్చినవాడి యాసను చూసి నవ్వే హక్కు పాతవాళ్ళకు ఉండడం కూడా బలమే.

నార్వేలో ఈ సంగతి దేశం పట్టించుకోవడానికి కారణం ఒక విషాదం. 1982 చివర్లో ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో ముగ్గురు అబ్బాయిలు ప్రాణం తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే కారణమై ఉండవచ్చని తేలింది. మరుసటి ఏడే అక్కడి విద్యాశాఖ దేశవ్యాప్తంగా ఉద్యమం మొదలుపెట్టింది. అప్పుడు బెర్గెన్ నగరంలోని 42 బడుల్లో, సుమారు 2,500 మంది పిల్లల మధ్య ఓల్వేయస్ చేసిన పనిలో వేధింపు దాదాపు సగానికి పడిపోయింది. కొట్టేవాళ్ళను ఏరి పంపేసి సాధించింది కాదది. బడి నియమాలు, విరామ సమయంలో పెద్దల కాపలా, తరగతిలో మాటామంతీ, తల్లిదండ్రులతో సమావేశాలు మార్చారు. పిల్లలు ఆ పిల్లలే.

ఇదేదో ఎక్కడో మంచు దేశపు గొడవ అనుకోకండి. 2019లో యునెస్కో విడుదల చేసిన ప్రపంచ నివేదిక ప్రకారం, ముందటి నెలలో ఒక్కసారైనా తోటివాళ్ళ వేధింపుకు గురైన పిల్లలు 32 శాతం. అంటే మూడు బెంచీలకు ఒక బెంచీ.

చుట్టూ నిలబడ్డవాళ్ళు

కెనడాలో టొరంటో బడుల ఆటస్థలాల్లో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్, వారి సహచరులు వీడియో కెమెరాలు పెట్టి, పిల్లలకు చిన్న మైకులు తగిలించి జరిపిన పరిశీలనలు ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోస్తాయి. ఎందుకంటే అవి పిల్లలు చెప్పినవీ, మాస్టార్లు ఊహించినవీ కావు, కళ్ళముందు జరిగినవి. 2001లో వెలువడిన విశ్లేషణలో, చూసిన ఘటనల్లో 88 శాతం వేళల్లో మిగతా పిల్లలు అక్కడే ఉన్నారు. కలగజేసుకున్నది 19 శాతంలోనే. కానీ ఆ తర్వాతి అంకె చూడండి. తోటి పిల్లలెవరైనా కలగజేసుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో, 57 శాతం, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. పది సెకన్లంటే ఒక "ఊరుకోరా, వదిలెయ్" అనడానికి పట్టే సమయం.

అదే బృందం అంతకుముందు లెక్కగట్టిన మరో విషయం: చుట్టూ ఉన్న పిల్లలు సగానికి పైగా సమయం ఊరికే చూస్తూ నిలబడ్డారు. మనం "పాపం, వాళ్ళేం చేయలేదు" అంటాం. ఏడిపించేవాడి వైపు నుంచి చూస్తే వాళ్ళు చాలా చేశారు. తల తిప్పలేదు, వెళ్ళిపోలేదు, మధ్యలో ఎవరో కిసుక్కుమన్నారు. వాడికి కావాల్సిందే అది. కొళాయి దగ్గర ఒంటరిగా దొరికిన పిల్లాడి టిఫిన్ బాక్సు లాక్కోవడంలో వాడికి మజా తక్కువ. నలుగురి ముందు ఆ బాక్సు తెరిచి, "ఒరేయ్ మళ్ళీ పచ్చడన్నమేరా" అని చూపించడంలోనే ఉంది అసలు సంపాదన.

ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో క్రిస్టీనా సల్మివాలి 1996లోనే ఈ చూపరులను విడదీసి చూపింది. ముందుకొచ్చి చేయి కలిపేవాళ్ళు కొందరు. దూరంగా ఉండి నవ్వుతూ ఎగదోసేవాళ్ళు కొందరు. మనకెందుకని తప్పుకునేవాళ్ళు, బాధపడే పిల్లాడి పక్షాన నిలిచేవాళ్ళు ఇంకొందరు. ఆ పరిశోధన మీదనే తర్వాత కివా అనే కార్యక్రమాన్ని కట్టారు. 2009 నుంచి దేశమంతటా బడులకు తీసుకెళ్ళారు. అందులో మెళకువ ఒక్కటే. ఏడిపించేవాణ్ణి మార్చడం కష్టమైనా, నవ్వేవాళ్ళను మార్చడం అంత కష్టం కాదు. ఎందుకంటే వాళ్ళలో చాలామందికి లోపల నచ్చదు. మిగతా అందరికీ నచ్చుతోందని ప్రతివాడూ అనుకుంటున్నాడు కాబట్టి ఎవడూ నోరెత్తడు.

మరి అలా చూస్తూ నిలబడే మీ పిల్లకి ఏం చెప్పాలి? "ధైర్యంగా ఎదురు తిరుగు" అని మాత్రం చెప్పకండి. ఎనిమిదో తరగతి పిల్లకి అది పెద్ద బరువు, పైగా మర్నాడు గురి ఆమె మీదికే మళ్ళుతుంది. చేయగలిగినవి చెప్పండి. నవ్వొద్దు. తల తిప్పి వెళ్ళిపో. వీలైతే బాధపడుతున్న పిల్ల దగ్గరికి వెళ్ళి ఏడిపించేవాళ్ళకేసి చూడకుండా, "రావే, మంచినీళ్ళకి పోదాం" అని చేయి పట్టుకుని తీసుకెళ్ళు. అదీ కాకపోతే ఆ సాయంత్రం ఫోన్ చేసి, "ఇందాక వాళ్ళు చేసింది బాలేదు" అను. బాధపడిన పిల్లకి ఆ ఒక్క ఫోను ఎంతో ఊరట.

ఏ పిల్లలతో మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు 56 మిడిల్ స్కూళ్ళలో ఎలిజబెత్ పాలక్ బృందం చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. కొన్ని బడుల్లో చిన్న విద్యార్థి బృందాలను ఎంచి, గొడవలకు వ్యతిరేకంగా వాళ్ళే ఏదో ఒకటి చేయమన్నారు. పోస్టర్లు వేయడం, మంచి పని చేసిన తోటివాళ్ళకి నారింజ రంగు చేతిపట్టీ ఇవ్వడం లాంటివి. ఆ బడుల్లో గొడవల ఫిర్యాదులు సగటున 30 శాతం తగ్గాయి. బడిలో అందరి కళ్ళూ ఎవరిమీద ఉంటాయో ఆ పిల్లలు బృందంలో ఎక్కువగా ఉన్నచోట ఫలితం ఇంకా బాగుంది. మన మాస్టార్లు ఇలాంటి పనికి ఎవర్ని పిలుస్తారు? ఫస్టు ర్యాంకు పిల్లని, హోంవర్కు తప్పకుండా చేసేవాణ్ణి. పోస్టరు చక్కగానే వస్తుంది, ఎవరూ చదవరు. కబడ్డీ బాగా ఆడేవాణ్ణి, ఇంటర్వెల్లో చుట్టూ గుంపు చేరే పిల్లని, కొంచెం అల్లరివాణ్ణి అయినా సరే, పిలిచి చూడండి.

నీళ్ళ సీసా నిండుగా తిరిగొస్తే

చోటు గురించి మాట్లాడుకుందాం. వేధింపు బడి అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. మరుగుదొడ్ల వెనక, మెట్ల మలుపు, మధ్యాహ్న భోజనం వరస చివర, సైకిల్ స్టాండు, వ్యాన్‌లో వెనక సీటు, హాస్టల్లో వార్డెన్ గదికి దూరంగా ఉన్న మూల. పెద్దల కన్ను పడని చోట్లు ఇవి. టొరంటో ఆటస్థలంలో పెద్దలు కలగజేసుకున్న ఘటనలు నూటికి నాలుగే. విరామంలో ఎక్కువమంది ఉపాధ్యాయులు బయట తిరిగే బడుల్లో వేధింపు తక్కువని ఓల్వేయస్ కూడా గమనించాడు. పెద్ద బడి, చిన్న బడి అన్న తేడా కంటే ఇది ముఖ్యమని ఆయన లెక్కల్లో తేలింది.

పిల్లలకు ఆ చోట్లు ముందే తెలుసు. ఉదయం తాగడానికి పంపిన నీళ్ళ సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి వస్తోందా? వారానికి నాలుగు రోజులు అలాగే వస్తే ఒకసారి ఆగి ఆలోచించండి. నీళ్ళు తాగితే ఒంటేలుకు వెళ్ళాలి. వెళ్ళాలంటే ఆ మరుగుదొడ్డి దాకా పోవాలి. అక్కడ ఎవరో ఉంటారు. అందుకని పిల్ల రోజంతా గొంతు తడుపుకోకుండా గడిపేస్తుంది. ఇంటికి రాగానే బ్యాగు విసిరేసి బాత్రూమ్‌లోకి పరుగెడుతుంది. "అంత తొందరేమిటే" అని మనం నవ్వుతాం. తలుపుకు గడియ లేకపోవడం, నీళ్ళు రాకపోవడం కూడా కారణాలు కావచ్చు. ఏదైనా బడి సరిచేయాల్సిందే.

ఈ చోట్లను బయటపెట్టడానికి ఖర్చులేని పని ఒకటుంది. తరగతిలో ప్రతి పిల్లకీ బడి నక్షా గీసిన కాగితం ఇవ్వండి. పేరు రాయొద్దనండి. హాయిగా ఉండే చోట పచ్చ చుక్క, భయమేసే చోట ఎర్ర చుక్క పెట్టమనండి. బస్సు, ఆటో, ట్యూషన్ సెంటరు కూడా నక్షాలో ఉండాలి. నలభై కాగితాలు పక్కపక్కన పరిస్తే ఎర్రచుక్కలు రెండు మూడు చోట్లే గుమిగూడి కనబడతాయి. ఇక ఎవరి డ్యూటీ ఎక్కడో టైంటేబుల్‌లో వేసుకోవడమే. వ్యాన్‌లో అయితే చిన్నపిల్లలను డ్రైవరు వెనక వరసలోనే కూర్చోబెట్టే నియమం చాలు.

బోర్డు మూలన పేర్లు

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం. బలం ఉన్నవాడు లేనివాణ్ణి ఎలా చూడొచ్చో పిల్లలకు రోజూ చూపించేది తరగతి గదే.

మాస్టారు బయటికి వెళ్తూ క్లాస్ లీడర్‌ని పిలిచి, "మాట్లాడినవాళ్ళ పేర్లు రాయి" అంటారు. లీడర్ సుద్దముక్క పట్టుకుని బోర్డు మూలన గీత గీస్తాడు. ఒక పేరు పడుతుంది. ఆ పేరుగలవాడు "నేను మాట్లాడలేదురా" అంటాడు. అన్నందుకు పేరు పక్కన ఇంటూ పడుతుంది. ఇంకోసారి అంటే ఇంకో ఇంటూ. స్నేహితుడి పేరు పడదు. పెన్ను ఇచ్చినవాడి పేరు చెరిపేస్తాడు. మాస్టారు తిరిగొచ్చి, ఏమీ అడక్కుండా, ఇంటూలు లెక్కబెట్టి వడ్డిస్తారు. పన్నెండేళ్ళవాడికి విచారణ లేని అధికారం అప్పగించి, దాని కింద మిగతా నలభై మందిని కూర్చోబెట్టాం. నాకు ఆ పదవి మీద ఎప్పుడూ నమ్మకం లేదు. లీడర్ ఉండాలనుకుంటే సుద్దముక్కలు తేవడం, హాజరుపట్టీ అందించడం లాంటి పనులివ్వండి, నెలకొకరిని మార్చండి. శిక్షకు పేర్లు రాసే పని మాత్రం ఇవ్వకండి.

బెత్తం సంగతీ అంతే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "ఒరేయ్ మొద్దూ", "నీ మొహానికి చదువొకటి" అని నలుగురిలో అనడం కూడా మానసిక వేధింపే. మాస్టారు పెట్టిన పేరు ఇంటర్వెల్‌కల్లా బడంతా పాకుతుంది. ఆ పేరుతో పిలిచే పిల్లలకు తాము తప్పు చేస్తున్నామన్న స్పృహ ఉండదు, సారే అన్నారుగా. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టే బడుల్లో చివరి సెక్షన్ పిల్లలకు పడే పేర్లు అక్కడ చదివిన ఎవరినడిగినా చెబుతారు.

కులం విషయంలో ఇది మరీ స్పష్టం. సతారా బడిలో చదివే రోజుల్లో అంబేడ్కర్ కూర్చోవడానికి గోనెపట్టా ఇంటినుంచే తెచ్చుకోవాలి, మిగతా పిల్లలకు దూరంగా మూలన కూర్చోవాలి. దాహమేస్తే తనంతట తాను కొళాయి ముట్టుకోకూడదు. బడి ప్యూన్ వచ్చి తిప్పితేనే నీళ్ళు, ప్యూన్ లేకపోతే నీళ్ళు లేవు. అక్కడ పక్కపిల్లలు వేధించారా లేదా అని అడిగే అవసరమే లేదు. ఎవరిని ఎలా చూడాలో బడి ఏర్పాటే వాళ్ళకు నేర్పేసింది. ఇవాళ గోనెపట్టాలు లేవు. అయినా "స్కాలర్‌షిప్ వాళ్ళంతా లేచి నిలబడండి" అనే పిలుపు ఎన్నో తరగతుల్లో వినిపిస్తుంది. ఆ లేచి నిలబడిన నిమిషంలో తరగతి ఏం నేర్చుకుంటుందో మాస్టారికి తట్టదు. ఆ వివరాలు ఆఫీసులో విడిగా తీసుకుంటే పోయేదేముంది?

భోజనాల దగ్గర

ఇళ్ళ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మనకి తెలిసిందే. పెళ్ళిచూపుల కబుర్లలో "పిల్ల కాస్త రంగు తక్కువ" అని పిల్లలు వింటుండగానే అంటాం. పనమ్మాయి పలుకును అనుకరించి నవ్వుకుంటాం. టీవీలో కామెడీ అంటే నత్తి, మెల్లకన్ను, లావు, నలుపు. వీటితో ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్విన రాత్రి గడిచి, మర్నాడు పిల్లాడు బడిలో సోడాబుడ్డి కళ్ళద్దాలవాణ్ణి వెక్కిరిస్తే ఆశ్చర్యపడతాం. శ్రీకాకుళం నుంచి కూలికి వలసొచ్చిన కుటుంబపు పిల్ల హైదరాబాద్ బడిలో నోరు విప్పాలంటే జంకేది, ఆమె మాట్లాడే తీరును సినిమాలో జోకుగా విన్న పిల్లలు అక్కడుంటారు గనక.

లావు, కళ్ళద్దాలు, యాస అసలు కారణాలని కూడా అనుకోకండి. బాధితులకు ఇలాంటి పైకి కనబడే తేడాలు మిగతా పిల్లలకంటే ఎక్కువేం కాదని ఓల్వేయస్ తన తొలి అధ్యయనాల్లోనే చూశాడు. ముందు ఒంటరిగా దొరికేవాణ్ణి ఎంచుకుంటారు, వంక ఆ తర్వాత దొరుకుతుంది. అందుకే "బరువు తగ్గితే ఎవరూ ఏమనరులే" అని పిల్లకి చెప్పడం దండగ. ఆమెకి కావాల్సింది డైటింగ్ కాదు, పక్కన కూర్చునే ఒక నేస్తం. కాలనీలో, ట్యూషన్‌లో, మేనత్త కూతురి స్నేహితుల్లో, ఎక్కడైనా సరే ఒక్క జట్టు కుదర్చండి.

ఇక చేయాల్సినవి

పిల్ల నోరు విప్పినప్పుడు మొదటి అయిదు నిమిషాలు ఏం చేస్తారన్నదే కీలకం. "నువ్వేం అన్నావ్ ముందు?" అన్నారా, ఇక మీకు చెప్పదు. "నాతో రా, ఇప్పుడే తేలుస్తా" అని చెప్పులేసుకున్నా చెప్పదు, బడిలో గొడవవుతుందని భయం. వినండి. చెప్పింది మంచిదయిందనండి. రేపు ఎవరితో, ఎప్పుడు మాట్లాడాలో ఆమెనే అడిగి నిర్ణయించండి. ఆ రాత్రే తేదీ, చోటు, అక్కడున్నవాళ్ళు, జరిగింది నోటుబుక్కులో రాసిపెట్టండి. వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో అయితే స్క్రీన్‌షాట్ తీశాకే ఏదైనా తొలగించండి. ఫోన్ లాక్కోకండి, లాక్కుంటారన్న భయంతోనే చాలామంది పిల్లలు దాచిపెడతారు.

బడికి వెళ్ళినప్పుడు ఇద్దరు పిల్లలనూ ఎదురెదురుగా నిలబెట్టి "సారీ చెప్పి షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అనే పంచాయితీకి ఒప్పుకోవద్దు. తగాదాకి అది సరిపోతుంది. బలం తేడా ఉన్నచోట బాధపడ్డ పిల్ల మరోసారి అందరి ముందు తలవంచుకోవడమే మిగులుతుంది. ఇద్దరితో విడివిడిగా మాట్లాడమనండి. మీరు అడగాల్సింది శిక్ష కాదు, ఏర్పాటు. ఇంటర్వెల్లో ఆ మెట్ల దగ్గర ఎవరుంటారు, వ్యాన్‌లో సీటు ఎక్కడ, పిల్లకి ఇబ్బందైతే ఏ టీచరు దగ్గరికి వెళ్ళాలి. జవాబు కాగితం మీద తీసుకోండి. బడి పట్టించుకోకపోతే మండల విద్యాధికారి ఉన్నారు. పిల్లల సహాయానికి 1098కి ఫోన్ చేయవచ్చు. పిల్ల తిండి మానేసినా, నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నా ఒక్కరోజు కూడా ఆగకండి. టెలీమానస్ నంబరు 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. లైంగిక వేధింపు అయితే అది బడి సర్దుబాటు చేసే విషయమే కాదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి.

ఏడిపించేది మీవాడే అని కబురొస్తే? "మావాడు అలాంటివాడు కాదు" అనే మాట నోటిదాకా వస్తుంది, మింగేయండి. కొట్టనూ వద్దు. బలమున్నవాడు లేనివాణ్ణి కొట్టవచ్చని వాడికి తెలిసిన పాఠమే మళ్ళీ చెప్పినట్టవుతుంది. వాడు ఆ పని ఎవరి ముందు చేస్తున్నాడో, ఎవరు నవ్వితే పొంగిపోతున్నాడో కనుక్కోండి. ఇంట్లోనో ట్యూషన్‌లోనో వాణ్ణి ఎవరైనా అలాగే చూస్తున్నారేమో కూడా అడగండి, పైనుంచి పడిన దెబ్బను కిందికి దింపే పిల్లలు చాలామందే ఉంటారు. చింపిన పుస్తకం వాడి కిడ్డీబ్యాంకు డబ్బుతోనే కొనిపించండి. నలుగురిలో గౌరవం తెచ్చే వేరే పని వాడికి దొరకాలి. ఆటలో కావచ్చు, చిన్న తరగతి పిల్లలకి ఏదైనా నేర్పడంలో కావచ్చు. టీచరుతో కలిసి అది వెతకండి.

ఫిర్యాదు చేసిన వారం అంతా సద్దుమణిగినట్టే కనిపిస్తుంది. అప్పుడు ఊరుకోకండి. రెండు వారాలాగి మళ్ళీ అడగండి, ఈసారి బడి గురించి కాదు, ట్యూషన్ గురించి, వ్యాన్ గురించి, కొత్తగా పెట్టిన క్లాస్ గ్రూపులో మీ పిల్ల ఉందా లేదా అని. కొట్టడం ఆగి, అందరూ కూడబలుక్కుని మాట్లాడడం మానేసి ఉండవచ్చు. ముఖ్యంగా ఆడపిల్లల్లో ఇది ఎక్కువ, టీచరుకి కనపడదు. అలా జరిగితే ఆ నోటుబుక్కులో కొత్త పేజీ తీసి తేదీ వేయండి.